కల్పసూత్రపు ఆకును చదవడం ఎలా? మధ్యయుగ జైన చిత్రాలకు ఒక మార్గదర్శి

మొదటిసారి నేను చూసిన జైన చిత్రంలో మేకతల మనిషి ఒకడు రెండు చేతుల మీద పసిబిడ్డను పెట్టుకుని నడుస్తున్నాడు. మేకతల అనగానే మనకు ఇంకెవరు గుర్తొస్తారు? దక్షుడే. ‘దక్షుడి చేతిలో బిడ్డేమిటి? సతీదేవి పుట్టినప్పటి బొమ్మేమో’ అని పక్కనున్న స్నేహితుడికి కథంతా చెప్పేశాను. అక్కడ దక్షుడూ లేడు, సతీదేవీ లేదు. ఆ మేకతలవాడు హరిణైగమేషి, ఇంద్రుడి సేనాని. అతని చేతిలో ఉన్నది ఇంకా పుట్టని మహావీరుడు.

అదే పొరపాటు మీరూ చేయకుండా, ఒక ఆకును ముందు పెట్టుకుని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో, ఏది దేని తర్వాత చూడాలో ఇక్కడ చెబుతాను. జైన చిత్రాలన్నీ ఒకేసారి పట్టుకోవద్దు. కల్పసూత్రం ఒక్కటి పట్టుకోండి. 14, 15 శతాబ్దాల్లో గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాల్లో అన్నిటికంటే ఎక్కువగా బొమ్మలతో రాయించిన జైన గ్రంథం అదే. ఢిల్లీ నేషనల్ మ్యూజియం నుంచి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా దాని ఆకులు కనిపిస్తాయి. పెద్ద మ్యూజియంలు మంచి ఫొటోలే పెడతాయి. జూమ్ చేస్తే కుంచె గీత కూడా తెలిసేంత పెద్ద ఫొటో ఎంచుకోండి. పక్కన ఒక కాగితం, పెన్సిల్ ఉంటే చాలు.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. ఈ చిత్రాల్లో ముఖాన్ని బట్టి ఎవరినీ గుర్తుపట్టలేం. రాజుకీ, బ్రాహ్మణుడికీ, దేవుడికీ చిత్రకారుడు ఒకే ముఖం వేస్తాడు. చేతులు, కూర్చున్న తీరు, పట్టుకున్న వస్తువు, నెత్తిన ఉన్నది, వీటిని బట్టే మనిషెవరో తేలుతుంది.

మొదటి అడుగు: బొమ్మను వదిలేసి ఆకును చూడండి

తాటాకా, కాగితమా? తాటాకైతే ఎత్తు తక్కువ, పొడవు చాలా ఎక్కువ. దారం కట్టడానికి రంధ్రాలు ఉంటాయి. బొమ్మ చిన్న చదరంగా, తపాలాబిళ్ల కంటే కాస్త పెద్దదిగా ఇరుక్కుని ఉంటుంది. ఇప్పటివరకు దొరికిన బొమ్మల జైన తాటాకు ప్రతుల్లో మొదటి వరసలో ఉన్నది 1060 నాటి ఓఘనిర్యుక్తి, సాధువుల ఆచారాల గ్రంథం. జైసల్మేర్ గ్రంథభండారంలో ఉంది. దక్షిణాన దిగంబరులకూ (బట్ట కట్టని సాధువులున్న జైన శాఖ) ఇలాంటి సంపద ఉంది. కర్ణాటకలోని మూడబిదిరెలో వాళ్ల పవిత్రగ్రంథం షట్ఖండాగమం తాటాకు ప్రతులను 12వ శతాబ్దం తొలినాళ్ల బొమ్మలతో భద్రపరిచారు.

కాగితం 14వ శతాబ్దంలో వచ్చింది. తమాషా ఏమిటంటే కాగితం వచ్చాక కూడా ఆకును తాటాకులాగే అడ్డంగా, పొడవుగా కోశారు. దారం అక్కర్లేదు, రంధ్రం అక్కర్లేదు. అయినా రంధ్రం ఉండాల్సిన చోట ఎర్రటి చుక్కో, బంగారు, నీలి రంగుల అలంకారమో వేశారు. ఆకు మధ్యలో అలాంటి గుండ్రటి బొట్టు కనిపిస్తే అది తాటాకు జ్ఞాపకమే, కథకు సంబంధం లేదు. నేను కొన్నాళ్లు దాన్ని సూర్యుడనుకున్నాను.

రెండో అడుగు: రాత

లిపి దేవనాగరి, భాష ప్రాకృతం. చదవడం రాకపోయినా పనికొచ్చేవి మూడున్నాయి. ఒకటి, ఆకు సంఖ్య. ఇది సాధారణంగా ఆకు వెనకవైపు అంచున ఉంటుంది. సంఖ్య చిన్నదైతే మహావీరుడి కథ మొదట్లో ఉన్నామన్నమాట. రెండు, మార్జిన్‌లో చిన్న అక్షరాలు. రాసేవాడు వేరు, బొమ్మ వేసేవాడు వేరు. లేఖకుడు ముందు వచనం రాసి బొమ్మకు ఖాళీ వదిలేవాడు. అక్కడ ఏ ఘట్టం వేయాలో అంచున ఒక మాట రాసేవాడు. కొన్నిచోట్ల చిన్న గీతల బొమ్మ కూడా గీసి ఉంటుంది. దేవనాగరి కూడబలుక్కోగలిగితే ఈ ఒక్క మాటతో సగం పని అయిపోతుంది.

మూడోది చివరి ఆకు. అక్కడ రాయించిన దాత పేరు, వంశం, ఊరు, విక్రమ సంవత్సరం ఉంటాయి. విక్రమ సంవత్సరంలోంచి 57 తీసేస్తే మన లెక్కకు వస్తుంది (కొన్ని నెలలకు 56). ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉన్న మాండూ కల్పసూత్రం సంవత్ 1496, అంటే 1439. జౌన్‌పూర్ కల్పసూత్రం సంవత్ 1522, అంటే 1465. బంగారు సిరాతో రాసిన ఈ రెండో ప్రతిని రాయించింది హర్షిణి అనే శ్రావిక, అంటే జైన గృహస్థురాలు. మాండూలోనూ జౌన్‌పూర్‌లోనూ అప్పుడు పాలిస్తున్నది సుల్తానులు. అక్కడి జైన వర్తకులు మాత్రం గుజరాత్ పద్ధతిలోనే పుస్తకాలు రాయించుకున్నారు.

పుస్తకం రాయించి సాధువులకు ఇవ్వడం పుణ్యమని జైనుల నమ్మకం. దాన్ని శాస్త్రదానం అంటారు. 12వ శతాబ్దంలో చాళుక్య (సోలంకి) రాజు కుమారపాలుడు, ఆయన గురువు హేమచంద్రుడు ఉన్న కాలంలో పాటణ్‌లో ఈ ఆచారం బాగా బలపడింది. దానమిచ్చిన ప్రతులన్నీ జ్ఞానభండారాల్లో, అంటే జైన గ్రంథాలయాల్లో చేరేవి. వాటిలో చాలా ప్రతులు ఇన్ని శతాబ్దాలు రంగు చెడకుండా మిగిలాయంటే ఎండ తగలని ఆ భండారాల చలవే.

మూడో అడుగు: కథ వరస

కల్పసూత్రాన్ని ప్రాచీన జైన ఆచార్యుడు భద్రబాహువు రచనగా శ్వేతాంబరులు (తెల్లబట్ట కట్టే సాధువులున్న జైన శాఖ) భావిస్తారు. ఇందులో జినుల (మోక్షమార్గం చూపిన 24 మంది తీర్థంకరుల) చరిత్రలు, ఆచార్యుల పరంపర, వానాకాలంలో సాధువులు పాటించాల్సిన నియమాలు అని మూడు భాగాలున్నాయి. బొమ్మల్లో ఎక్కువ భాగం మొదటిదాంట్లోనే.

చరిత్ర వెనక్కి నడుస్తుంది. ముందు 24వ తీర్థంకరుడు మహావీరుడు, తర్వాత 23వ వాడు పార్శ్వనాథుడు, ఆపై 22వ వాడు నేమినాథుడు, చివరికి మొదటివాడు ఋషభనాథుడు. మధ్యలోని 20 మందికి విడి కథల్లేవు. అందుకే వాళ్లను వరసల్లో గళ్లుగళ్లుగా కూర్చోబెట్టి ఒకటి రెండు ఆకుల్లో ముగిస్తారు. అలాంటి ఆకు కనిపిస్తే కథ కోసం వెతక్కండి.

ప్రతి జినుడికీ ఐదు ఘట్టాలు ముఖ్యం: స్వర్గం నుంచి గర్భంలోకి దిగడం, పుట్టడం, దీక్ష, కేవలజ్ఞానం (అన్నీ తెలిసే జ్ఞానం), నిర్వాణం. వీటిని పంచకల్యాణకాలు అంటారు. ఎదుట ఉన్న బొమ్మ ఈ ఐదింటిలో ఏదన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి.

నాలుగో అడుగు: ఆ కన్ను సంగతి

ముఖం ముప్పాతిక వంతు పక్కకు తిరిగి ఉంటుంది. ముక్కు చురకత్తిలా ఉంటుంది. అవతలి కన్ను మాత్రం చెంప గీత దాటి బయట, గాల్లో తేలుతూ ఉంటుంది. కొత్తవాళ్లకు నవ్వొస్తుంది, నాకూ వచ్చింది.

దీనికి ఎక్కువగా చెప్పే కారణం గుడి విగ్రహాలు. శ్వేతాంబర మందిరాల్లో విగ్రహాలకు మెరిసే కళ్లు విడిగా అతికిస్తారు. పక్క నుంచి చూస్తే అవి ముఖం దాటి ఉబికి కనిపిస్తాయి. తెలంగాణలో ఆలేరు దగ్గర కొలనుపాక జైన మందిరానికి వెళ్లినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. వినడానికి చక్కగా ఉంది కానీ ఇదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఇలా బయటికి జరిగే కన్ను అంతకుముందే ఎల్లోరా కైలాస గుడి కప్పు చిత్రాల్లో ఉంది. 1451లో అహమ్మదాబాద్‌లో వేసిన వసంతవిలాసం బట్ట చుట్టలో ప్రేమికులకూ ఉంది, వాళ్లు జినులూ కాదు, విగ్రహాలూ కాదు. చిత్రకారుల చేతికి అలవాటైన పద్ధతి కాబట్టి అందరికీ అదే వేశారనుకోవడం నాకు సబబుగా తోస్తుంది. ఎవరికి వేయలేదన్నది ఇంకా ఆసక్తికరం. దాని గురించి చివర్లో.

ఐదో అడుగు: ఎవరెవరో తేల్చడం

ఇక్కడే ఎక్కువసేపు కూర్చోవాలి.

జినుడు. పద్మాసనంలో, ఎదురుగా చూస్తూ, ఒళ్లో చేతులు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని ఉంటాడు. కిరీటం, హారాలు, భుజకీర్తులు చూసి రాజనుకునే ప్రమాదం ఉంది. అన్నీ వదిలేసినవాడికి నగలేమిటని అడగొచ్చు. చిత్రకారుడు వేస్తున్నది మందిరంలో అలంకరించిన విగ్రహాన్ని. చుట్టూ గూడు, పైన గోపురపు ఆకారం, అటూ ఇటూ పరిచారకులు ఉంటే అనుమానమే లేదు. ఏ జినుడన్నది తేల్చడానికి రంగు, గుర్తు చూడండి. మహావీరుడు పసుపు లేదా బంగారు రంగు, గుర్తు సింహం. పార్శ్వనాథుడికి తలమీద పాము పడగలు, ఒంటిరంగు నీలమో ఆకుపచ్చో. నేమినాథుడు నల్లనివాడు, గుర్తు శంఖం. ఆయన కృష్ణుడికి తమ్ముడి వరస. ఋషభుడికి గుర్తు ఎద్దు, భుజాలమీదికి జారిన జుట్టు పాయలు.

సాధువు. తెల్లబట్ట, ఒక భుజం ఖాళీ. బట్టమీద బంగారు చుక్కలుంటే కంగారు పడకండి, అది అలంకారం. చంకలో కుచ్చులాంటిది రజోహరణం, పురుగు చావకుండా నేల ఊడ్చుకునే చీపురు. చేతిలో చిన్న గుడ్డముక్క ముఖవస్త్రిక, మాట్లాడేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకునేది. ఇద్దరు సాధువులు ఎదురెదురుగా ఉండి, మధ్యలో మూడు కర్రలు కలిపి కట్టిన చిన్న స్టాండు ఉంటే దాన్ని స్థాపనాచార్యం అంటారు. అక్కడ లేని గురువుకు అది గుర్తు. ఆ దృశ్యం దాదాపు ఎప్పుడూ పాఠమో ఉపదేశమో అయి ఉంటుంది.

శక్రుడు, అంటే ఇంద్రుడు. నాలుగు చేతులు. మనవాళ్లు టక్కున విష్ణువనేస్తారు. చేతుల్లో వజ్రాయుధమో అంకుశమో ఉందా చూడండి. జినుడి జీవితంలో ప్రతి మలుపులోనూ ఈయన ఉంటాడు. సింహాసనం మీద కూర్చుని ఆజ్ఞాపిస్తాడు. మహావీరుడు గర్భంలో పడ్డాడని తెలిసి, దిగి మోకాలు వంచి నమస్కరిస్తాడు. దీక్షనాడు వెంట్రుకలు అందుకుంటాడు. నాలుగు చేతులవాడు ఒకరి ముందు వంగి ఉన్నాడంటే, ఎదుటివాడు జినుడే అనుకోవచ్చు.

హరిణైగమేషి. మేక లేదా జింక తల. మధురలోని కంకాళీ తిలాలో దొరికి, ఇప్పుడు లక్నో మ్యూజియంలో ఉన్న ఒక రాతిపలక మీద ఈయన బొమ్మ, ‘నేమేస’ అనే పేరు చెక్కి ఉన్నాయి. అంటే కల్పసూత్రపు కాగితాలకంటే దాదాపు 1300 ఏళ్ల ముందే ఈయన జైనులకు తెలిసినవాడు.

ఆరో అడుగు: ఘట్టాన్ని పట్టుకోవడం

మంచంమీద పడుకున్న స్త్రీ కనిపిస్తే పైభాగం చూడండి. అక్కడ చిన్నచిన్న బొమ్మలు కిక్కిరిసి ఉంటే అవి పద్నాలుగు కలలు. లెక్కపెట్టండి: ఏనుగు, ఎద్దు, సింహం, శ్రీదేవి, పూలదండలు, చంద్రుడు, సూర్యుడు, జెండా, పూర్ణకుంభం, తామరకొలను, పాలసముద్రం, విమానం, రత్నాల రాశి, పొగలేని మంట. శ్రీదేవిని మన గజలక్ష్మిగా వెంటనే గుర్తుపడతాం. చంద్రబింబంలో చిన్న జింకో కుందేలో ఉంటుంది, దాంతో సూర్యుడి నుంచి వేరుచేయొచ్చు. దిగంబరుల లెక్కలో కలలు 16.

చిక్కేమిటంటే ఈ కలలు ఇద్దరు స్త్రీలకు వస్తాయి. మహావీరుడు ముందు దేవానంద అనే బ్రాహ్మణ స్త్రీ గర్భంలో పడతాడు. జినుడు క్షత్రియ వంశంలో పుట్టాలి కదా అని శక్రుడికి టెన్షన్. 82 రోజులు గడిచాక 83వ రాత్రి హరిణైగమేషిని పంపి, పిండాన్ని త్రిశలా రాణి గర్భంలోకి మార్పిస్తాడు. దిగంబరులు ఈ కథను ఒప్పుకోరు. కాబట్టి పిండం మార్పిడి బొమ్మ ఉంటే అది శ్వేతాంబర ప్రతి అని నిశ్చింతగా చెప్పొచ్చు. పడుకున్నది దేవానందా, త్రిశలా? బొమ్మలో ఇద్దరూ ఒకేలా ఉంటారు, అదే మంచం, అదే దిండు. ఇక్కడే ఆకు సంఖ్య పనికొస్తుంది. మేకతలవాడు కనిపించిన ఆకుకు ముందున్నది దేవానంద, వెనకున్నది త్రిశల.

కొండమీద శక్రుడు, ఒళ్లో బిడ్డ, రెండువైపులా కలశాలతో దేవతలు ఉంటే అది మేరుపర్వతం మీద జన్మాభిషేకం. పైన రెండు ఎద్దులు కనబడొచ్చు. వాటి కొమ్ముల్లోంచి కూడా నీళ్లు ధారకడతాయి. ఇంత చిన్న బిడ్డ ఇన్ని నీళ్లు తట్టుకుంటాడా అని శక్రుడు సందేహిస్తే, మహావీరుడు కాలి బొటనవేలితో నొక్కి మేరువునే వణికించాడని కథ.

చెట్టుకింద కూర్చున్నవాడు ఒక చేత్తో తన జుట్టు పట్టుకుని ఉంటే అది దీక్ష. క్షౌరం కాదు, జుట్టును గుప్పిళ్లతో పెరికేసుకోవడం. మహావీరుడు ఐదు గుప్పిళ్లు, ఋషభుడు నాలుగు గుప్పిళ్లు పెరికాడని గ్రంథం చెబుతుంది. ఆ మిగిలిన గుప్పెడే ఋషభుడి భుజాలమీద పాయలుగా నిలిచిందంటారు.

పైనుంచి చూసినట్టు వలయాలు వలయాలుగా మూడు ప్రాకారాలు, నాలుగు వాకిళ్లు, నడిమధ్య జినుడు ఉంటే అది సమవసరణం, కేవలజ్ఞానం కలిగాక దేవతలు కట్టిన ఉపదేశ సభ. మనం ముగ్గులో గడపలు నాలుగు దిక్కులకూ తెరిచి వేసినట్టే ఉంటుంది. పులి, జింక లాంటి జాతివైరం ఉన్న జంతువులు మూలల్లో పక్కపక్కనే ఉండటం చూడొచ్చు.

ఇక జినుడి కింద తెల్లటి నెలవంక ఉంటే అది చంద్రుడు కాదు. లోకపు శిఖరాన ఉండే సిద్ధశిల. తెరిచి తలకిందులుగా పెట్టిన గొడుగు ఆకారంలో ఉంటుందని గ్రంథాల వర్ణన. అడ్డంగా చూస్తే నెలవంకే. జినుడి నిర్వాణమని దానర్థం. మొదట్లో శివుడి తలమీది చంద్రుడు కిందికెలా జారాడని నేను బుర్ర గోక్కున్న మాట నిజం.

పార్శ్వనాథుడు, నేమినాథుడి కథలకు ఒక్కో గుర్తు చాలు. చుట్టూ మంటలు పెట్టుకున్న తాపసి, చీల్చిన దుంగలోంచి పాము ఉంటే పార్శ్వనాథుడి కథ, ఆ తాపసి కమఠుడు. పెళ్లి ఊరేగింపు, దొడ్డిలో కట్టేసిన జంతువులు, వెనక్కి తిరిగిన రథం ఉంటే నేమినాథుడు. పెళ్లి విందు కోసం వాటిని కోస్తారని విని పెళ్లే మానుకుని గిర్నార్ కొండకు వెళ్లిపోయాడు.

ఏడో అడుగు: రంగులు, బట్టలు

ఇది త్వరగా అయ్యే పని. బొమ్మ వెనకభాగం ఎర్రగా, ఒంటిరంగు పసుపుగా, నీలం తక్కువగా ఉంటే పాత పద్ధతి. నీలం వెల్లువెత్తి, బంగారం మెరుస్తుంటే 15వ శతాబ్దం వైపు రండి. ఆ నీలం అఫ్గాన్ కొండల నుంచి వచ్చిన లాజవర్దం రాయి పొడి, ఖరీదైన సరుకు. అది విరివిగా వాడారంటే దాత జేబు బరువు కూడా తెలిసిపోతుంది. బట్టలమీద హంసలు, పూలు, గళ్లు జూమ్ చేసి చూడండి. ఆ కాలపు గుజరాతీ అద్దకం బట్టల ముక్కలు ఈజిప్ట్‌లోని ఫుస్తాత్‌లో దొరికాయి, వాటిమీదా ఇలాంటి నమూనాలే.

ఎనిమిదో అడుగు: చివరన కాలకుడి కథ ఉందేమో చూడండి

చాలా ప్రతుల్లో కల్పసూత్రం వెనక కాలకుడనే జైన ఆచార్యుడి కథ (కాలకాచార్య కథ) జతచేసి ఉంటుంది. ఉజ్జయిని రాజు గర్దభిల్లుడు కాలకుడి చెల్లెలు, జైన సన్యాసిని అయిన సరస్వతిని ఎత్తుకుపోతాడు. కాలకుడు పశ్చిమాన సాహి (శక) రాజుల సాయం తెచ్చి ఊరు ముట్టడిస్తాడు. గాడిద నోట్లోకి బాణాలు గుప్పిస్తున్న విలుకాళ్ల బొమ్మ ఈ కథలోదే. గర్దభిల్లుడి మంత్రశక్తి అయిన ఆ గాడిద అరిస్తే శత్రువులు చచ్చిపడతారు, అందుకని అరవకముందే దాని నోరు బాణాలతో నింపేశారు.

ఇందాక చివర్లో చెబుతానన్న కన్ను ఇదే. సాహి రాజులకు గుండ్రటి ముఖం, గడ్డం, నిలువు కోటు, బూట్లు వేసి, రెండు కళ్లనూ చాలాచోట్ల ముఖం లోపలే ఉంచుతారు. పొడుచుకొచ్చిన కన్ను మనవాళ్లకు, లోపలి కన్ను పరదేశులకు. ఆ ముఖాలను చిత్రకారులు తమ కాలంలో కళ్లముందున్న పర్షియన్ తరహా బొమ్మల నుంచి తీసుకున్నారు.

ఇదే కథలో మన శాతవాహనుడు కూడా ఉన్నాడు. కాలకుడు ప్రతిష్ఠానానికి వస్తే అక్కడి రాజు శాతవాహనుడు ఒక కోరిక కోరతాడు. భాద్రపద శుద్ధ పంచమినాడు ఊళ్లో ఇంద్రోత్సవం, ఆ రోజే పర్యూషణం (జైనుల వానాకాలపు వ్రతం) ముగింపు అయితే రెండూ కుదరవు, మరుసటి రోజుకి జరపండి అంటాడు. పంచమి దాటరాదని, కావాలంటే ముందురోజు చవితికి జరుపుతానని కాలకుడు ఒప్పుకుంటాడు. అందుకే శ్వేతాంబరుల్లో చాలామందికి ముగింపు పండుగ చవితినాడు, మన వినాయక చవితి తిథి అదే. ఆ పర్యూషణం రోజుల్లోనే సాధువులు కల్పసూత్రం చదివి వినిపిస్తారు. మహావీరుడి జన్మఘట్టం వచ్చిన రోజు పద్నాలుగు కలల వెండి ప్రతిమలకు దండలు వేస్తారు.

ఒక ఆకు మీద సాధన

ఇలాంటి ఆకును ఊహించుకోండి. రెండు అంతస్తుల బొమ్మ. పైన నాలుగు చేతులవాడు సింహాసనంలో, ఎదురుగా మేకతలవాడు చేతులు జోడించి ఉన్నాడు. కింద మంచంమీద స్త్రీ, పక్కన మేకతలవాడు బిడ్డతో. పైన ఆజ్ఞ, కింద అమలు. ఒకే మనిషి రెండుసార్లు కనిపించడం ఇక్కడ మామూలే. ఇప్పుడు అతని పాదాలు చూడండి. మంచం వైపు ఉంటే త్రిశల దగ్గరికి వస్తున్నాడు, మంచానికి దూరంగా తిరిగి ఉంటే దేవానంద దగ్గర్నుంచి వెళ్తున్నాడు. ఇది మొదటి అంచనా మాత్రమే. మార్జిన్‌లో రాసిన మాటతో సరిచూసుకోండి.

ఒక్కోసారి రెండూ కలవవు. లేఖకుడు రాసింది ఒకటి, చిత్రకారుడు వేసింది ఇంకొకటి. కలలు లెక్కపెడితే పదమూడే తేలతాయి. చోటు చాలక జెండా వదిలేసి ఉంటాడు. మీ లెక్క తప్పిందని మళ్లీ మళ్లీ లెక్కపెట్టకండి, కాగితంమీద ‘13, జెండా లేదు’ అని రాసుకుని తర్వాతి ఆకుకు వెళ్లండి.